బేస్‌మెంట్‌లో దొరికిన సర్టిఫికెట్

అమెరికా చిన్న మందుల షాపుల సంఘానికి నూట పాతికేళ్లు దాటాయి.. గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ, అయినా నిలిచింది

ఇరవయ్యేళ్ల కిందట న్యూజెర్సీలో, ఎడిసన్‌కు దగ్గర్లో ఒక పాత మందుల షాపు కొన్నాను. అమ్మినాయన డెబ్బై దాటిన అమెరికన్. వాళ్ల నాన్న పెట్టిన షాపు అది. తాళాలు చేతికిచ్చిన రోజున ఆయన నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి, పాత సీసాల వెనక నుంచి దుమ్ము పట్టిన పటం ఒకటి తీసిచ్చారు. 'నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రిటైల్ డ్రగ్గిస్ట్స్' అని పెద్ద అక్షరాలు, కింద వాళ్ల నాన్న పేరు. సభ్యత్వ సర్టిఫికెట్.

"షాపుతో పాటు ఇది కూడా నీదే. చందా మాత్రం నువ్వే కట్టుకోవాలి" అన్నారు నవ్వుతూ.

అద్దం తుడిచి కౌంటర్ వెనక గోడకు తగిలించాను. ఏటా చందా కడుతూ వచ్చాను. సంఘం పత్రిక వస్తే తిరగేసి పక్కన పెట్టేవాణ్ని. ఆ సంఘం ఎందుకు పుట్టింది, ఇన్నేళ్లు ఎలా నిలిచింది అని ఏనాడూ ఆలోచించలేదు. మన కాలనీ సంక్షేమ సంఘంలాంటిదే అనుకున్నాను.

కిందటేడాది ఒక ఉత్తరం వచ్చింది. ఒక పెద్ద చైన్ కంపెనీ నా షాపు కొంటానంది. నిజానికి వాళ్లకు కావలసింది షాపు కాదు. అరలు వద్దు, కౌంటర్ వద్దు, నేనూ వద్దు. నా కంప్యూటర్లో ఉన్న ప్రిస్క్రిప్షన్ల ఫైళ్లు చాలు. అవి తీసుకెళ్లి తమ దుకాణంలో కలుపుకుంటారు, నేను షట్టర్ దించేస్తాను. రాసిన మొత్తం చిన్నదేమీ కాదు. నాకు అరవై దగ్గర పడుతోంది. పిల్లలిద్దరూ ఈ వృత్తిలోకి రాలేదు. ఆ రాత్రి లెక్కలు చూసుకుంటూ కూర్చున్నప్పుడు గోడ మీది పటం కంటపడింది. ఈ షాపులో నాకన్నా ముందున్నవాళ్లకూ ఇలాంటి రాత్రులు వచ్చే ఉంటాయి కదా, వాళ్లేం చేశారు అనిపించింది. అప్పుడు మొదలుపెట్టి చదివిన కథ ఇది.

స్టాంపు పన్నుతో రగిలిన గొడవ

అమెరికాలో ఫార్మసిస్టులకు జాతీయ సంఘం 1852లోనే ఉంది. ఫిలడెల్ఫియాలో పుట్టిన అమెరికన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ అది. యూరప్ నుంచి ఓడల్లో దిగుతున్న కల్తీ మందుల్ని అరికట్టడం, మందుల తయారీకి ఒక ప్రమాణం తేవడం దాని తొలి లక్ష్యాలు. పెద్ద చదువులు చదివినవాళ్ల సంఘం. శాస్త్రం, చదువు, నైతికత గురించి మాట్లాడేది. వీధి చివర మందుల కొట్టు నడిపేవాడి అద్దె గురించి, అప్పు గురించి అంతగా పట్టించుకునేది కాదు.

కొట్టువాడి బాధ వేరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో నగరాల్లో డిపార్ట్‌మెంట్ స్టోర్లు వెలిశాయి. జనాన్ని లోపలికి రప్పించడానికి పేరున్న పేటెంట్ మందుల్ని దాదాపు కొన్న ధరకే అమ్మేసేవి. మందు మీద పోయిన డబ్బు బట్టల మీదో బూట్ల మీదో రాబట్టుకునేవి. మందులు తప్ప మరేమీ లేని కొట్టువాడు ఆ ధరకు ఎలా అమ్ముతాడు?

అదే సమయంలో 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం పేటెంట్ మందుల మీద స్టాంపు పన్ను వేసింది. ఆ స్టాంపుల మీద యుద్ధనౌక బొమ్మ ఉండేది. తయారీదారులు ఆ భారాన్ని కొట్టువాళ్ల మీదికి నెట్టారు. పైన కంపెనీ ధర పెంచుతోంది, పక్కన పెద్ద స్టోరు ధర తగ్గిస్తోంది. రోట్లో తలపెట్టినట్టయింది చిన్నవాళ్ల పని. ఆ ఏడాదే సెయింట్ లూయిస్‌లో కూడి, మందుల కొట్లవాళ్లు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. నా గోడ మీది పటంలో ఉన్న పేరు అదే. పొట్టిగా నార్డ్ అనేవాళ్లు. 1996లో దాని పేరు నేషనల్ కమ్యూనిటీ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్‌గా మారింది. ఇప్పుడు ఎన్‌సీపీఏ అంటున్నాం. ప్రధాన కార్యాలయం వాషింగ్టన్‌కు పొటోమాక్ నది అవతల, వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఉంది.

మొదటి ఎత్తు చిత్తు

సంఘం వేసిన మొదటి ఎత్తు తెలివైనదే. తయారీదారులు, హోల్‌సేలర్లు, కొట్లవాళ్లు ముగ్గురూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. ధర కోసే దుకాణాలకు సరుకు ఇవ్వకూడదు, ఇచ్చే హోల్‌సేలర్‌కు తయారీదారు సరుకు ఆపేయాలి. 'త్రైపాక్షిక ప్రణాళిక' అని దానికి పేరు. కొన్నాళ్లు పనిచేసింది కూడా.

కానీ అప్పటికి అమెరికాలో గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం ఉంది. నలుగురు వ్యాపారులు కూడబలుక్కుని ధర నిలబెడితే అది నేరం. 1906లో ఫెడరల్ ప్రభుత్వం ఇండియానాపోలిస్‌లో 'డ్రగ్ ట్రస్ట్' మీద కేసు వేసింది. మరుసటి ఏడాది కోర్టు ఆదేశంతో ఆ ప్రణాళిక కుప్పకూలింది.

1911లో ఇంకో దెబ్బ. డాక్టర్ మైల్స్ మెడికల్ కంపెనీ అని ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో ఉండేది. మనందరికీ తెలిసిన ఆల్కా సెల్ట్‌జర్ తర్వాతి రోజుల్లో తయారుచేసింది ఈ కంపెనీయే. తన మందును ఇంతకు తక్కువ అమ్మకూడదని ఆ కంపెనీ పెట్టిన షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు దాదాపు వందేళ్లు, 2007 దాకా నిలిచింది.

పుట్టిన పదమూడేళ్లకే సంఘం రెండుసార్లు ఓడిపోయింది. చాలా సంఘాలు అక్కడితో మూతపడతాయి. ఇది మూతపడలేదు. కోర్టులో కుదరనిది చట్టసభలో కుదురుతుందేమో చూద్దామని దారి మార్చుకుంది.

టూత్‌పేస్టు కౌంటర్ కిందికి వెళ్లిన రోజులు

ఆ దారిలో ఫలితం రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1931లో కాలిఫోర్నియా 'ఫెయిర్ ట్రేడ్' చట్టం తెచ్చింది. తయారీదారు నిర్ణయించిన కనీస ధర కన్నా తక్కువకు ఎవరూ అమ్మకూడదు. దాని వెనక ఉన్నది మందుల షాపులవాళ్లే. 1935లో పెప్సోడెంట్ కంపెనీ కాలిఫోర్నియాలో ఆ ఒప్పందాల నుంచి తప్పుకుంది. దాంతో షాపులవాళ్లు పెప్సోడెంట్ టూత్‌పేస్టును అరల్లోంచి తీసి కౌంటర్ కింద పెట్టారు. అడిగితే తప్ప కనిపించదు. కొన్నాళ్లకే కంపెనీ దిగివచ్చింది. అంతటితో ఆగలేదు, చట్టాల కోసం పోరాడటానికి సంఘానికి 25 వేల డాలర్లు కూడా ఇచ్చింది.

1936లో రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం వచ్చింది. పెద్ద కొనుగోలుదారుకు ఒక ధర, చిన్నవాడికి ఒక ధర అనే వివక్షను అది నిషేధించింది. 1937లో మిల్లర్-టైడింగ్స్ చట్టం వచ్చింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అది ఇష్టం లేదు. అయితే కొలంబియా జిల్లా బడ్జెట్ బిల్లుకు దాన్ని తోకలా తగిలించారు. బడ్జెట్ కావాలంటే సంతకం పెట్టక తప్పదు. పెట్టారు. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో మందుల షాపుల సంఘం మాటంటే మాటే. 1941 నాటికి 45 రాష్ట్రాల్లో ఫెయిర్ ట్రేడ్ చట్టాలు ఉన్నాయి. చట్టం చేయని మూడు రాష్ట్రాల్లో ఒకటి మిస్సోరి. సంఘం పుట్టిన సెయింట్ లూయిస్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ చట్టాలు షాపులవాళ్లకు మేలు చేశాయి. కొనేవాడి జేబు మీద మాత్రం భారం వేశాయి. యుద్ధం తర్వాత డిస్కౌంట్ దుకాణాలు పెరిగేకొద్దీ జనానికి ఆ సంగతి తెలిసింది. ఒక్కొక్క రాష్ట్రం వెనక్కి తగ్గింది. 1975లో కాంగ్రెస్ ఫెయిర్ ట్రేడ్‌ను పూర్తిగా ఎత్తేసింది. నేను ఆనాడు కొనేవాణ్నయితే ఎత్తేయడమే మంచిదనేవాణ్ని. సంఘం కోరిందల్లా లోకానికి మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు.

ఉపాధ్యక్షుడైన ఫార్మసిస్టు

ధరల పోరు ఒకవైపు సాగుతుండగా, మనం రోజూ వాడుకునే ఒక సౌకర్యం ఈ సంఘం పోరాటం వల్లే వచ్చింది. మీ డాక్టర్ ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే షాపులో మందు సిద్ధం చేస్తున్నామంటే, రీఫిల్స్ ఇస్తున్నామంటే దానికి చట్టబద్ధత 1951లో వచ్చింది. అంతకుముందు ఏ మందుకు ప్రిస్క్రిప్షన్ కావాలి, దేనికి అక్కర్లేదు అనేది చాలావరకు తయారీదారు లేబుల్‌ను బట్టి ఉండేది. ఒక కంపెనీ సీసా మీద ఒకలా, అదే మందు ఇంకో కంపెనీ సీసా మీద మరోలా రాసి ఉండేది. డాక్టర్ అనుమతి లేకుండా రీఫిల్ చేస్తే కేసు పెడతామని ప్రభుత్వ అధికారులు అనేవారు. నోటిమాటగా ఇచ్చే అనుమతికి చట్టంలో చోటు లేదు.

ఆ చిక్కు విప్పిన చట్టం పేరు డరహమ్-హంఫ్రీ సవరణ. ప్రతినిధుల సభలో కార్ల్ డరహమ్, సెనేట్‌లో హ్యూబర్ట్ హంఫ్రీ. ఇద్దరూ ఫార్మసిస్టులే. హంఫ్రీ సౌత్ డకోటాలోని హ్యూరన్‌లో తండ్రి మందుల కొట్లో పనిచేసినవాడు. డెన్వర్‌లో ఫార్మసీ చదివి లైసెన్సు తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. 1968 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ చేతిలో కొద్దిలో ఓడిపోయాడు. కౌంటర్ వెనక నిలబడినవాడు అంత దూరం వెళ్లాడని చదివినప్పుడు నాకు కొంచెం గర్వం కలిగిందని దాచుకోను.

కనిపించని మధ్యవర్తి

ఇప్పటి పోరు ఎవరితోనో చెప్పాలంటే ముందు మందు డబ్బు ఎలా ప్రయాణిస్తుందో చెప్పాలి. మీరు ఇన్సూరెన్స్ కార్డు ఇస్తారు. నేను కంప్యూటర్లో కొడతాను. కొన్ని క్షణాల్లో జవాబు వస్తుంది: పేషెంటు ఇంత కట్టాలి, నీకు మేం ఇంత ఇస్తాం అని. ఆ జవాబు ఇచ్చేది మీ ఇన్సూరెన్స్ కంపెనీ అనుకుంటారు. సాధారణంగా కాదు. మధ్యలో ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, అంటే పీబీఎం అనే సంస్థ ఉంటుంది. ఏ మందు జాబితాలో ఉండాలి, ఏ షాపుకు వెళ్లాలి, షాపుకు ఎంత ఇవ్వాలి అన్నీ అదే నిర్ణయిస్తుంది.

అరవయ్యో దశకం చివర్లో ఇవి కాగితాల పని చేసిపెట్టే చిన్న సంస్థలుగా మొదలయ్యాయి. ఇప్పుడు దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం మూడే పీబీఎంల చేతుల మీదుగా వెళ్తున్నాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులైలో ఇచ్చిన నివేదికలో చెప్పింది. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్. ఆ మూడూ పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలతో ఒకే గొడుగు కింద ఉన్నాయి. మూడింటి కుటుంబాల్లోనూ సొంత ఫార్మసీలు ఉన్నాయి. అంటే నాకు ఎంత ఇవ్వాలో నిర్ణయించేవాడూ, నాకు పోటీదారూ ఒకే ఇంటివాళ్లు. తాము బేరమాడబట్టే మందుల ధరలు అదుపులో ఉంటున్నాయని పీబీఎంల వాదన. బేరం నిజమే. మిగిలింది ఎవరి జేబులోకి వెళ్తోందన్నదే తగువు.

నా సంగతే చెబుతాను. పేర్లు అనవసరం. కిందటి చలికాలం ఒక బ్రాండ్ మందు ఇస్తే, నేను హోల్‌సేలర్‌కు కట్టిన దానికన్నా 41 డాలర్లు తక్కువ వచ్చాయి. ఇవ్వనంటే పేషెంటు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇచ్చాను. మెడికేర్ మందుల్లో ఇంకో తిప్పలు ఉండేది. ఇచ్చిన డబ్బులోంచి కొంత నెలల తర్వాత ఫీజుల పేరుతో వెనక్కి లాక్కునేవారు. మార్చిలో లాభమనుకున్నది ఆగస్టులో నష్టమని తేలేది. సంఘం ఏళ్లపాటు పట్టు పట్టాక, 2024 జనవరి 1 నుంచి ఆ కోత ఏదైనా ముందే, మందు ఇచ్చేటప్పుడే చూపించాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కోత ఆగలేదు. కాకపోతే ఇప్పుడు ముందే తెలుస్తుంది.

వరంగల్ తమ్ముడి ప్రశ్న

మా తమ్ముడికి హనుమకొండలో మెడికల్ షాపు ఉంది. ఈ గోడంతా ఫోన్లో వెళ్లబోసుకుంటే, "అన్నా, మీరంత ఒక్కటై ఒక్కరోజు బంద్ పెట్టరాదే?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. మన దేశంలో మందుల షాపుల అఖిల భారత సంఘం ఆన్‌లైన్ అమ్మకాలకు వ్యతిరేకంగా 2017 మే 30న, 2018 సెప్టెంబర్ 28న దేశమంతటా బంద్ చేసింది. ఆ రోజుల్లో వాడు కూడా షట్టర్ దించి ర్యాలీకి పోయాడు.

"ఇక్కడ అట్ల చేస్తే దొంగతనం చేసినోన్ని ఇడిసి మమ్మల్ని బోనెక్కిస్తరు తమ్మీ" అన్నాను.

నవ్వులాటకు అన్నా అది నిజం. 1907లో సంఘం మొదటి ప్రణాళికను పడగొట్టిన చట్టమే ఈనాటికీ మా చేతులు కట్టేసి ఉంచింది. చిన్న షాపులన్నీ కలిసి ఒక పీబీఎంతో బేరమాడితే, అందరం కలిసి ఒక ఒప్పందాన్ని తిరస్కరిస్తే కుట్ర కిందికి వస్తుంది. మూడు సంస్థలు 80 శాతం ప్రిస్క్రిప్షన్లను శాసించడం మాత్రం ఇంకా చట్టం లోపలే ఉంది. అందుకే సంఘానికి మిగిలినవి రెండే గుమ్మాలు: చట్టసభ, కోర్టు.

ఆ గుమ్మాల దగ్గర కొన్ని గెలుపులూ ఉన్నాయి. మెడికేర్ మందుల పథకం 2006లో మొదలైనప్పుడు డబ్బు నెలల తరబడి రాక చిన్న షాపులు అప్పుల్లో పడ్డాయి. 2008 చట్టంతో ఆన్‌లైన్ క్లెయిములకు 14 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన వచ్చింది. ఇన్సూరెన్స్ లేకుండా నగదుకు కొంటే తక్కువ పడుతుందని పేషెంటుకు చెప్పకుండా ఫార్మసిస్టు నోరు కట్టేసే ఒప్పందాలుండేవి. 2018 అక్టోబర్లో వాటిని నిషేధించారు. కొన్న ధర కన్నా తక్కువ ఇవ్వకూడదని ఆర్కాన్సా రాష్ట్రం చేసిన చట్టాన్ని పీబీఎంల సంఘం సవాలు చేస్తే, 2020 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో రాష్ట్రం వైపు నిలిచింది. అదే ఆర్కాన్సా 2025లో ఇంకో అడుగు ముందుకేసి, పీబీఎంలు ఫార్మసీలు నడపకూడదని చట్టం చేసింది. జులైలో ఫెడరల్ కోర్టు దాన్ని ఆపింది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. 1898 నుంచీ ఇదే నడక.

చైన్ల పరిస్థితి బాగుందనుకుంటే పొరపాటు. 1962లో పెన్సిల్వేనియాలో మొదలైన రైట్ ఎయిడ్ రెండుసార్లు దివాలా తీసి, 2025 అక్టోబర్లో ఆఖరి దుకాణాలు కూడా మూసేసింది. మా పక్క ఊళ్లో దాని బోర్డు దించుతుంటే చూశాను. పోటీదారు పోయాడన్న సంతోషం కలగలేదు.

ఈ కథలో మనవాళ్లు

ఈ సంఘం పుట్టినప్పుడు భీమవరంలో మూడేళ్ల పిల్లవాడు ఒకరున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టి, 1922లో అమెరికా వచ్చి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్, క్యాన్సర్ చికిత్సకు తలుపు తీసిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ అక్కడివే. 1948లో 53 ఏళ్లకే పోయారు. ఆ పెరల్ రివర్ నా షాపు నుంచి ఎంతో దూరం లేదు.

ఇప్పుడు నా అరల నిండా హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన సీసాలే. డాక్టర్ రెడ్డీస్, అరబిందో, హెటెరో. బాచుపల్లి, జడ్చర్ల నుంచి బయల్దేరిన మాత్ర ఇక్కడ ఐర్లండ్ మూలాలున్న తాతగారి రక్తపోటును అదుపులో పెడుతుంది. అమెరికాలో ఇచ్చే ప్రిస్క్రిప్షన్లలో పదింటికి తొమ్మిది జనరిక్‌లే. ఇవి చవకగా రావడం పేషెంటుకు వరం. మాకు మాత్రం ఆ మాత్రల మీద మిగిలేది పైసల్లోనే.

కౌంటర్ వెనక కూడా మనవాళ్లున్నారు. నా తరంవాళ్లం విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో, వరంగల్ కాకతీయలోనో నాలుగేళ్ల బీఫార్మసీ చదివి వచ్చాం. ఇక్కడ పరీక్షలు రాసి, ఇంటర్న్‌షిప్ గంటలు పూర్తిచేసి, లైసెన్సు తెచ్చుకున్నాం. 2003 జనవరి నుంచి నిబంధన మారింది. ఆ తర్వాత డిగ్రీ తీసుకున్న విదేశీ ఫార్మసిస్టులకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. నాలుగేళ్ల బీఫార్మసీ చేసి వచ్చే పిల్లలకు ఆ దారి మూసుకుపోయింది. మన దగ్గర ఆరేళ్ల ఫార్మ్‌డీ 2008లో వచ్చాక మళ్లీ కాస్త తెరుచుకుంది. మా తరం కౌంటర్ దిగితే ఆ స్థానంలోకి వచ్చే తెలుగువాళ్లు తక్కువ. నా షాపు మూసేయాలా వద్దా అన్న లెక్కలో ఇదీ ఒకటి.

వారానికి ఒక్కసారే

ఉత్తరం వచ్చిన నెలలోనే ఒక గుంటూరు పెద్దమ్మ వచ్చింది. కొడుకు దగ్గర ఉంటోంది. పదేళ్లుగా మందులు నా దగ్గరే. ఆమె అన్నది:

"నాయనా, ఇకమీదట నెలనెలా మందులు పోస్టులోనే వస్తాయంట. ఇన్సూరెన్సు వాళ్లు కాగితం పంపారు. నిన్ను చూడ్డానికి మాత్రం వస్తాలే."

"రండి పెద్దమ్మా, టీ ఇస్తాను" అన్నాను. లోపల కలుక్కుమంది.

నిజంగానే వచ్చింది, మూడు వారాల తర్వాత. నోట్లో పుండ్లని, అన్నం సయించడం లేదని, ఏదైనా పూత ఉంటే ఇమ్మని. ఏయే మందులు వాడుతున్నారమ్మా అని అడిగితే సంచీలోంచి ఏడు గళ్ల మాత్రల డబ్బా తీసింది. ప్రతి గడిలోనూ చిన్న పసుప్పచ్చ మాత్ర. కీళ్లవాతానికి కొత్తగా రాసిన మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీద లేబుల్ సరిగ్గానే ఉంది. కొడుకూ కోడలూ హడావిడిలో మిగతా మాత్రలతో పాటే అన్ని గళ్లలోనూ సర్దేశారు. ఎవరిదీ తప్పనలేం. ఇంగ్లిష్‌లో రాసిన ఒక్క పదం ఎవరికంటా పడలేదు, అంతే. అప్పటికి ఐదు రోజులైంది. వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి, కొడుకును పిలిపించి ఆస్పత్రికి పంపాను. వారం తర్వాత కోలుకుని ఇంటికి వచ్చింది.

సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచి వచ్చిన మందు, తెలుగావిడ చేతిలో, తెలుగులో అడిగేవాడు ఎదురుగా ఉండబట్టి బయటపడింది. పోస్టు డబ్బాలో వచ్చిన సీసా ఎవరినీ ఏమీ అడగదు.

కాంగ్రెస్ గుమ్మంలో

ఏటా వసంతంలో సంఘం సభ్యుల్ని వాషింగ్టన్‌కు పిలుస్తుంది. తమ ప్రాంత ప్రతినిధిని కలిసి కష్టం చెప్పుకోవాలి. ఇరవయ్యేళ్లలో మొదటిసారి నేను వెళ్లాను. టెక్సాస్ పల్లె నుంచి ఒకాయన, అయోవా నుంచి తల్లీకూతుళ్లు, జార్జియా నుంచి ఒక గుజరాతీ ఆయన. అందరి జేబుల్లోనూ నష్టపోయిన ప్రిస్క్రిప్షన్ల జాబితా ఉంది.

ప్రతినిధి దొరకలేదు. పాతికేళ్ల అమ్మాయి, ఆయన సిబ్బందిలో ఒకరు, పది నిమిషాలు ఇచ్చింది. నేను లెక్కలు చెబుతుంటే మర్యాదగా వింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది: "మీ షాపు మూతపడితే మీ పేషెంట్లు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఇంకో షాపుకు వెళ్తారు. వాళ్లకు వచ్చే నష్టమేంటి?"

న్యాయమైన ప్రశ్న. 1975లో ఫెయిర్ ట్రేడ్‌ను ఎత్తేసినవాళ్లు వేసిందీ అదే ప్రశ్న. అప్పుడు సంఘం దగ్గర గట్టి జవాబు లేదు. నేను పేపర్లు పక్కన పెట్టి ఏడు గళ్ల డబ్బా సంగతి చెప్పాను. పేరు చెప్పలేదు, జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి అప్పటిదాకా పెన్ను పట్టుకోలేదు. అప్పుడు పట్టుకుంది.

దానివల్ల బిల్లు పాసవుతుందని నేను అనుకోను. కానీ నూట పాతికేళ్లు దాటినా ఈ సంఘం ఎందుకు నిలిచిందో అక్కడ అర్థమైంది. ధరను కాపాడమని అడిగినంతకాలం అది తాత్కాలికంగా గెలిచి చివరికి ఓడింది. ఫోన్లో రీఫిల్, నగదు ధర చెప్పే స్వేచ్ఛ, సకాలంలో చెల్లింపు లాంటివి సాధించినప్పుడు గెలుపు నిలిచింది. ఎందుకంటే వాటిలో పేషెంటు మేలు కూడా ఉంది. ఇంకో కారణం చాలా మామూలుది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు చందా కడుతూ వచ్చారు. దేశంలో ఇప్పుడు సొంత యజమానులు నడిపే ఫార్మసీలు దాదాపు 19 వేలున్నాయి. ఏటా కొన్ని రాలిపోతున్నాయి. అయినా అది చిన్న సంఖ్య కాదు.

ఈ పేజీ చదివే కుటుంబాలకు రెండు మూడు మాటలు. మందు కొనేటప్పుడు ఇన్సూరెన్స్ లేకుండా ఎంతవుతుందో ఒకసారి అడగండి. చెప్పడానికి ఫార్మసిస్టుకు ఇప్పుడు చట్టం అడ్డు లేదు. కొన్ని జనరిక్ మాత్రలు కోపే కన్నా చవకగా వస్తాయి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వాళ్లు తెచ్చుకున్న మందుల సంచీ తీసుకుని దగ్గర్లోని ఫార్మసిస్టును కలవండి. ఒకే మందు రెండు పేర్లతో ఉండొచ్చు. మాత్రల డబ్బా సర్దేటప్పుడు ప్రతి సీసా మీదా రోజుకా, వారానికా అన్నది గట్టిగా చదవండి.

చైన్ కంపెనీకి ప్రస్తుతానికి వద్దని జవాబు రాశాను. లీజు ఐదేళ్లకు బదులు మూడేళ్లకు పొడిగించుకున్నాను. అంతకు మించిన ధైర్యం నాకు లేదు. ఈ ఏడాది చందా కూడా కట్టాను. పెద్దమ్మ మొన్న ఆదివారం గోంగూర పచ్చడి సీసా తెచ్చింది. మూత మీద కోడలి చేత తెలుగులో రాయించింది: రోజుకు ఒకసారి.